వచ్చును, వలెను, కూడదు: ఇంగ్లీషు మోడల్ క్రియల వాడుక

అమీర్‌పేటలోని మైత్రీవనమునుండి పంజాగుట్ట చౌరస్తావైపు నడచువారికి మొదట కంటబడునవి శిక్షణాలయముల బోర్డులు. కంప్యూటరు విద్యల పేర్లు ఆ బోర్డులమీద కాలమునుబట్టి మారుచుండును. స్పోకెన్ ఇంగ్లీషు అను పేరు మాత్రము మారక నిలిచియున్నది. తెలుగు జిల్లాలనుండి పట్టా పుచ్చుకొని వచ్చిన యువతీయువకులు ఈ ప్రాంతపు హాస్టళ్లలో నెలల తరబడి నివసించి ఉద్యోగపు ఇంటర్వ్యూలకు సిద్ధపడుచుందురు. వారిలో పెక్కుమందికి ఇంగ్లీషు మాటలు తెలియును. వాక్యము కట్టుటయు తెలియును. ఐనను వాక్యము నడుమ ఒక చిన్న క్రియవద్ద తడబాటు కలుగును. 'కెన్' అనవలెనా, 'మే' అనవలెనా? 'మస్ట్' అన్నచో మొరటుగా ఉండునా? 'వుడ్' అను మాటకు చోటెక్కడ? ఈ ప్రశ్నలకు చాలవరకు సమాధానము మన తెలుగులోనే ఉన్నదని ఈ ప్రసంగములో చూపదలచినాము.

ఇంగ్లీషు వ్యాకరణమున ఈ చిన్న క్రియలకు మోడల్ క్రియలని పేరు. ముఖ్యమైనవి తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. వీటి చెంత 'ఆట్ టు', 'నీడ్' అనునవి కూడ చేరును. ఇవి తాముగా ఏ పనిని చెప్పవు. పని చేయు శక్తి ఉన్నదా, చేయుటకు అనుమతి ఉన్నదా, చేసి తీరవలెనా, మానినను దోషము లేదా, జరుగునని నమ్మకమా సందేహమా అను సంగతులను చెప్పును. 'యు మే గో' అన్నచో పోవుటకు సెలవు దొరికినట్లు. 'యు మస్ట్ గో' అన్నచో పోక తప్పదు. పోవుట రెండింటను ఒక్కటే. పోవువాని స్వేచ్ఛ మాత్రము మారినది. కాబట్టి ఇచ్చట పొరపాటు జరిగినచో, వినువాడు స్వేచ్ఛ ఉన్నచోట నిర్బంధమును, నిర్బంధము ఉన్నచోట స్వేచ్ఛను ఊహించుకొనును. వైద్యుని సలహాలోను, ఉద్యోగపు ఒప్పందములోను, రాజ్యాంగములోను దీనివలన వచ్చు తేడా చిన్నది కాదు.

ముందుగా వీటి రూపమును చూతము. తెలుగులో ఈ అర్థములను తెలుపు మాటలు ప్రధానక్రియకు చివర అతుకుకొని ఉండును: పోవచ్చును, పోవలెను, పోగలను, పోకూడదు. ఇంగ్లీషులో అవి ప్రధానక్రియకు ముందు విడిగా నిలుచును. అక్కడ పాటింపవలసిన నియమములు మూడు. మొదటిది: మోడల్ క్రియ తరువాత ప్రధానక్రియ మూలరూపముననే ఉండవలెను, నడుమ 'టు' చేరరాదు. 'షి కెన్ సింగ్' సరియైన వాక్యము. 'షి కెన్ టు సింగ్', 'షి కెన్ సింగ్స్' అనునవి తప్పులు. 'ఆట్' అను క్రియ ఒక్కటే 'టు'ను కోరును. రెండవది: కర్త ఎవరైనను మోడల్ క్రియ మారదు. 'హి కెన్స్', 'షి మస్ట్స్' అను రూపములు లేవు. మూడవది: ప్రశ్నకును, నిషేధమునకును 'డు', 'డజ్' అను మాటల సహాయము అక్కరలేదు. 'కెన్ యు కమ్' అని అడుగవలెను, 'ఐ కెనాట్ కమ్' అని బదులు చెప్పవలెను.

రెండవ నియమము తెలుగువారికి వింతగా తోచనక్కరలేదు. నేను రావచ్చును, నీవు రావచ్చును, వారు రావచ్చును అందుము. కర్త మారినను 'వచ్చును' మారలేదు. వలెను, కూడదు, రాదు అనునవియు ఇట్టివే. 'గల' అనునది మాత్రము గలను, గలవు, గలరు అని కర్త వెంట నడచును. ఇంగ్లీషులో 'హి' తరువాత 'కెన్'కు చివర సకారము ఎందుకు రాదను ప్రశ్నకు ఆ భాషాచరిత్రమే సమాధానము. కెన్, మే, షల్ అనునవి ప్రాచీనకాలమున భూతకాల రూపములుగా ఉండి, తరువాత వర్తమానార్థమును పొందినవి. ఇంగ్లీషు భూతకాలమున ప్రథమపురుషకు సకారము చేరదు గదా. 'హి శాంగ్' అందుము గాని 'శాంగ్స్' అనము. ఆ పాత అలవాటే 'హి కెన్' అను రూపమున నేటికిని నిలిచియున్నది. వీటి మూలార్థములు కూడ తెలిసికొనదగినవి. 'కెన్' అనగా తెలియుట. 'మే' అనగా బలము కలిగియుండుట. 'షల్' అనగా ఋణపడియుండుట. చట్టములలో 'షల్' అను మాటకు అంత బరువు ఎందుకున్నదో ఈ మూలార్థమునుబట్టి ఊహింపవచ్చును.

ఇక అర్థములలోనికి పోదము. మొదటిది శక్తి. చేయగలను, చదువగలను అనుచోట ఇంగ్లీషున 'కెన్' వచ్చును. 'నాకు ఈత వచ్చును', 'నాకు ఇంగ్లీషు వచ్చును' అనునప్పుడు కూడ 'ఐ కెన్ స్విమ్', 'ఐ కెన్ స్పీక్ ఇంగ్లిష్' అనియే చెప్పవలెను. ఇచ్చట శిక్షణాలయములలో తరచుగా వినబడు తప్పు 'ఐ కెన్ ఏబుల్ టు డు' అనునది. 'కెన్' అనినను, 'యామ్ ఏబుల్ టు' అనినను అర్థము ఒక్కటే. రెండింటిని కలిపి చెప్పుట 'చేయగల గలను' అన్నట్లుండును. ఏదో ఒకటి చాలును. భవిష్యత్తునకు మాత్రము 'విల్ బి ఏబుల్ టు' అనవలెను. ఏలయనగా రెండు మోడల్ క్రియలు ఒకచోట పక్కపక్కన నిలువవు, 'విల్ కెన్' అనుట చెల్లదు.

భూతకాలమున ఒక సూక్ష్మము కలదు. 'చిన్నతనమున నేను చెరువును ఈదగలిగెడివాడను' అనునది అలవాటుగా ఉన్న శక్తి. ఇచ్చట 'ఐ కుడ్ స్విమ్' సరిపోవును. 'నిన్న ఆలస్యమైనను రైలును అందుకొనగలిగితిని' అనునది ఒకసారి సాధించిన పని. ఇచ్చట 'కుడ్' తగదు. 'ఐ వజ్ ఏబుల్ టు క్యాచ్ ద ట్రెయిన్' అనవలెను. గలిగెడివాడను, గలిగితిని అని తెలుగు చూపు తేడాయే ఇది. సాధింపలేకపోయినప్పుడు మాత్రము రెండుచోట్లను 'కుడ్ నాట్' చెల్లును. ఉద్యోగార్థులకు ఈ తేడా ముఖ్యము. తాను పూర్తిచేసిన పనినిగూర్చి 'ఐ కుడ్ ఫినిష్ ద వర్క్' అని ఒకడు చెప్పినచో, చేయదలచుకొన్నచో చేయవచ్చును అను అర్థముగా వినువాడు గ్రహింపవచ్చును. చేసిన పని చేయని పనిగా మారిపోవును.

రెండవ అర్థము అనుమతి, మూడవది సంభావ్యత. తెలుగున ఈ రెండింటికిని 'వచ్చును' అను మాటయే చాలును. 'మీరు లోపలికి రావచ్చును' అనునది అనుమతి. 'రేపు వాన రావచ్చును' అనునది సంభావ్యత. ఇంగ్లీషులో 'మే' అను క్రియ సరిగా ఈ రెండు పనులను చేయును. ఇంత చక్కని పోలిక ఉండగా మనవారు 'మే'ను వాడుటకు జంకుట అనవసరము. సంభావ్యత మరికొంత తక్కువైనచో 'మైట్' అందురు. అనుమతి అడుగునప్పుడు నేటి వాడుకలో 'కెన్ ఐ' అనుట కూడ సామాన్యమే. పెద్దలయెదుట, కార్యాలయములలో 'మే ఐ' అనుట మర్యాద. ఐతే వీలును తెలుపునప్పుడు 'కెన్' తగిన మాట. అమీర్‌పేట మెట్రో స్టేషనులో రెండు మార్గములు కలియును. అచ్చట ఒక మార్గమునుండి మరియొక మార్గమునకు మారవచ్చునని చెప్పుటకు 'యు కెన్ చేంజ్ ట్రెయిన్స్ హియర్' అందుము. అది ఎవరో ఇచ్చిన సెలవు కాదు. అచ్చట ఉన్న వీలు.

రేడియోలో వాతావరణ సమాచారము చదువు మావంటివారికి సంభావ్యతను తెలుపు మాట ఎంత ముఖ్యమో ప్రతిదినము తెలియుచుండును. 'కోస్తా జిల్లాలలో వర్షములు కురియవచ్చును' అనుటకు మారుగా 'కురియును' అని చదివినచో, పైరు కోయుటకు సిద్ధముగా ఉన్న రైతు పనిని ఆపివేయును. శాస్త్రజ్ఞులు చెప్పినది సంభావ్యత. మనము చెప్పినది నిశ్చయము. అట్లే మత్స్యకారులు సముద్రముమీదికి పోకుండుట మేలని సలహా ఇచ్చిన వాక్యమునకును, పోరాదని నిషేధించిన వాక్యమునకును భేదము కలదు. ఏ వాక్యము వచ్చినదో దానినే వినిపింపవలెను. ఇంగ్లీషు ప్రకటనను తెలుగు చేయునప్పుడు మొదట వెదకవలసినది ఈ చిన్న క్రియనే.

'మే' అను క్రియకు 'నాట్' చేరినప్పుడు మాత్రము జాగ్రత్త కావలెను. 'హి మే నాట్ కమ్' అను వాక్యమునకు రెండు అర్థములు కలవు. అతడు రాకపోవచ్చునని ఒకటి, అతడు రారాదని రెండవది. తెలుగు ఈ రెండింటిని వేర్వేరు మాటలతో చెప్పును గనుక మనకు సందేహమే కలుగదు. ఇంగ్లీషు చదువునప్పుడు సందర్భమునుబట్టి ఏది అన్వయించునో తెలిసికొనవలెను. వ్రాయునప్పుడు సందిగ్ధమునకు తావీయరాదు. నిషేధమే ఉద్దేశమైనచో 'మస్ట్ నాట్' అని వ్రాయుట సురక్షితము.

నాలుగవ అర్థము విధి. 'వలెను' అను మాటకు ఇంగ్లీషులో ముగ్గురు వారసులు: మస్ట్, హావ్ టు, షుడ్. చెప్పువాడే గట్టిగా విధించినచో 'మస్ట్'. బయటి నియమమో, పరిస్థితియో విధించినచో 'హావ్ టు'. మేలుకోరి సలహా చెప్పినచో 'షుడ్'. 'రోజును నడవవలెను' అని వైద్యుడు చెప్పుటలో 'షుడ్' ఉన్నదా 'మస్ట్' ఉన్నదా అనునది రోగి స్థితినిబట్టి ఉండును. 'మస్ట్' అను క్రియకు ఈ అర్థమున భూతకాలము లేదు. 'నిన్న పోవలసివచ్చినది' అనుటకు 'ఐ హాడ్ టు గో' అందురు. 'యు మస్ట్ హావ్ టు గో' అనుట మరల రెండు బరువులను ఒక్క భుజముమీద పెట్టుటయే. ఇంకొక మాట: తోటి ఉద్యోగికిగాని, పై అధికారికిగాని ఉత్తరము వ్రాయునప్పుడు 'యు మస్ట్ రిప్లై' అన్నచో ఆజ్ఞాపించినట్లుండును. మనము తెలుగులో 'మీరు జవాబు వ్రాయాలండీ' అని మృదువుగా అనుకొన్నను, ఆ 'అండీ' ఇంగ్లీషులోనికి రాదు. 'మస్ట్' అను కాఠిన్యము మాత్రమే చేరును.

విధికి వ్యతిరేకమును చెప్పుటలో అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు జరుగుచుండును. తెలుగున 'కూడదు' వేరు, 'అక్కరలేదు' వేరు. 'తినకూడదు' అన్నచో తినుట దోషము. 'తిననక్కరలేదు' అన్నచో తినినను సరే, మానినను సరే. ఇంగ్లీషున మొదటిది 'మస్ట్ నాట్'. రెండవది 'నీడ్ నాట్', లేక 'డు నాట్ హావ్ టు'. 'మస్ట్' విధి గనుక 'మస్ట్ నాట్' అనగా విధి లేదని అర్థమని కొందరు భ్రమపడుదురు. అది కాదు. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వంటి పెద్ద ఆసుపత్రులకు దూరపు పల్లెలనుండి రోగులు వచ్చుచుందురు. ఇంగ్లీషులో ఉన్న కాగితమును చదివి పెద్దవారికి చెప్పుభారము తరచుగా చదువుకొన్న కొడుకుమీదనో, కూతురుమీదనో పడును. పరీక్షకు ముందు 'యు మస్ట్ నాట్ ఈట్' అని ఉన్నదానిని 'తిననక్కరలేదట' అని చెప్పినచో, రోగి ఆకలికి తాళలేక ఒక ఇడ్లీ తినును. పరీక్ష వాయిదా పడును. 'యు నీడ్ నాట్ ఫాస్ట్' అని ఉన్నదానిని 'ఉపవాసము ఉండకూడదట' అని చెప్పినచో అనవసరపు భయము కలుగును. మన భాషలో ఇంత స్పష్టముగా ఉన్న భేదమును ఇంగ్లీషులోనికి పోవునప్పుడు ఇంటివద్దనే వదలివేయరాదు.

'వలెను' అనుదానికి మరియొక పని కలదు; అది ఊహ. 'దీపము వెలుగుచున్నది, వారు ఇంటిలోనే ఉండవలెను' అందుము. ఇది ఆజ్ఞ కాదు, సాక్ష్యమును చూచి చేసిన నిర్ణయము. ఇంగ్లీషులోను 'దే మస్ట్ బి ఎట్ హోమ్' అనియే అందురు. జరిగిపోయినదానినిగూర్చి ఐనచో 'హావ్' చేర్చి ప్రధానక్రియకు మూడవ రూపమును వాడవలెను. 'వారు వచ్చి ఉండవలెను' అనుటకు 'దే మస్ట్ హావ్ కమ్'. 'వారు వచ్చి ఉండవచ్చును' అనుటకు 'దే మే హావ్ కమ్'. 'వారు నిన్ననే రావలసినది' అనుటకు 'దే షుడ్ హావ్ కమ్ యెస్టర్డే'. ఈ చివరిదానిలో వారు రాలేదను సంగతి దాగియున్నది. తెలుగులోని 'రావలసినది' అను మాటలో కూడ అదే నిష్ఠురము వినబడును గదా! మూడు తెలుగు వాక్యములను పెదవులమీద నిలుపుకొన్నవానికి మూడు ఇంగ్లీషు వాక్యములు కలగాపులగము కావు.

ఐతే అన్నిచోట్లను తెలుగు దారి చూపదు. 1957లో అమెరికా భాషావేత్త రాబర్ట్ లాడో ప్రకటించిన గ్రంథము, మాతృభాషలోని అలవాట్లు కొత్త భాషలోనికి ఎట్లు ప్రవేశించునో చర్చించి ప్రసిద్ధి పొందినది. మరుసటి సంవత్సరము, 1958లో, మన హైదరాబాదున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషు వెలసినది. ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుట దాని ఆశయము. నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము దాని పరిణామమే. మాతృభాష మేలు చేయుచోటును, అడ్డు తగులుచోటును వేరుచేసి చూపుట బోధకుని మొదటి పని. మోడల్ క్రియలలో మాతృభాష అడ్డు తగులుచోటు మర్యాద.

తెలుగువానికి మర్యాద చూపుటకు సాధనములు పెక్కు: నీవు అనుటకు మారుగా మీరు, క్రియకు చివర అండి, పేరునకు చివర గారు. ఇంగ్లీషున 'యు' అనునది ఒక్కటే. చిన్నవానికిని, పెద్దవానికిని అదే. అండి లేదు. ఆ లోటును పూరించునది మోడల్ క్రియ. 'కొంచెము తలుపు తీయండి' అను వాక్యమును మాటకు మాటగా పెట్టి 'ఓపెన్ ద డోర్' అన్నచో అండి రాలిపోయి ఆజ్ఞ మిగులును. 'కుడ్ యు ఓపెన్ ద డోర్' అన్నప్పుడే అండి తిరిగివచ్చును. ఇచ్చట 'కుడ్' భూతకాలము కాదు. ఎదుటివానికి కాదనుటకు చోటిచ్చు మర్యాద. 'వుడ్ యు', 'వుడ్ యు మైండ్' అనునవియు ఇట్టివే. 'ఐ వాంట్ లీవ్' అనుటకంటె 'ఐ వుడ్ లైక్ టు టేక్ లీవ్' అనుట కార్యాలయమున మన్ననకు పాత్రమగును.

ఈ మర్యాదను రుచిచూచిన తరువాత కొందరు 'వుడ్'ను ప్రతిచోటను చల్లుదురు. అది మరియొక ప్రమాదము. 'వుడ్' అను మాటలో సాధారణముగ ఒక 'ఐనచో' దాగియుండును. ఉద్యోగమును నిశ్చయము చేసికొన్న యువకుడు 'ఐ వుడ్ జాయిన్ ఆన్ మండే' అని వ్రాసినచో, ఏ షరతుమీద చేరునో అని చదువువాడు సందేహించును. నిశ్చయమైనదానికి 'ఐ విల్ జాయిన్' అనుటయే తగును. జీతము ఇంత ఇచ్చినచో చేరుదును అనునప్పుడు 'ఐ వుడ్ జాయిన్' అనవచ్చును. గతకాలపు అలవాటును చెప్పుటకు కూడ 'వుడ్' పనికివచ్చును. 'తాతగారు రోజును రేడియోలో వార్తలు వినెడివారు' అనుటకు 'హి వుడ్ లిజన్' అని చెప్పవచ్చును.

చివరగా షల్, విల్. 'ఐ', 'వి' అను కర్తలకు 'షల్', తక్కినవారికి 'విల్' అను నియమమును 1653లో జాన్ వాలిస్ తన వ్యాకరణమున వ్రాసెను. దానిని మన పాఠశాలలలో చాలకాలము వల్లెవేయించిరి. నేటి వాడుకలో భవిష్యత్తునకు అందరికిని 'విల్' చెల్లుచున్నది. 'షల్ వి గో' అని ఎదుటివారి ఇష్టమును అడుగుటలో 'షల్' మిగిలినది. అది పూర్తి అధికారముతో నిలిచియున్న తావు చట్టము. అచ్చట 'షల్' అనగా ఋణమే, తీర్పక తప్పదు. 'మే' అనగా అధికారము, వాడుట వాడకపోవుట అధికారము కలవాని ఇష్టము.

ఈ రెండు మాటలనుగూర్చి మన దేశమున పెద్ద వివాదమే జరిగినది. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పదునైదు సంవత్సరములకు, అనగా 1965 జనవరి 26 తరువాత, కేంద్రప్రభుత్వ వ్యవహారములలో ఇంగ్లీషు స్థానమేమి అను ప్రశ్న పుట్టెను. 1963 అధికారభాషల చట్టము హిందీతోపాటు ఇంగ్లీషు 'కొనసాగవచ్చును' అని 'మే' అను క్రియను వాడెను. ఈ సందర్భమున 'మే' అనగా 'షల్' అనియే గ్రహింపవలెనని ప్రధానమంత్రి నెహ్రూ పక్షము. కొనసాగవచ్చును అనుదానిలో కొనసాగకపోవచ్చును అనుట కూడ ఇమిడియున్నదని విమర్శకుల భయము. రాజ్యసభలో అన్నాదురై 'షల్' అను మాటనే కోరెను. 1965లో మద్రాసు రాష్ట్రమున తీవ్రమైన ఆందోళన చెలరేగెను. 1967లో చట్టమును సవరించి, హిందీని స్వీకరింపని రాష్ట్రములతో కేంద్రము జరుపు ఉత్తరప్రత్యుత్తరములకు ఇంగ్లీషునే వాడవలెనని 'షల్'తో వ్రాసిరి. అందరును ఎరిగిన ఒక్క చిన్న క్రియ విషయములో పార్లమెంటునకు, ప్రజలకు ఏకాభిప్రాయము కుదురుట ఇంత కష్టమాయెను.

ఐనను 'షల్' అన్నంతమాత్రమున ప్రతిచోటను నిర్బంధమని న్యాయస్థానములు తీర్మానింపవు. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ విషయమున పబ్లిక్ సర్వీస్ కమిషనును సంప్రదింపవలెనని రాజ్యాంగపు 320వ అధికరణము 'షల్'తోనే చెప్పుచున్నది. దానిని పాటింపకున్నంతమాత్రమున ప్రభుత్వపు చర్య చెల్లకపోదని 1957లో మన్‌బోధన్‌లాల్ శ్రీవాస్తవ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. కావున మాటను చూడవలెను, దాని వెనుకనున్న ప్రయోజనమును కూడ చూడవలెను.

మన నేలకు మరింత దగ్గరి నిదర్శనము 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము. పార్లమెంటు కొత్త రాష్ట్రమును ఏర్పరుపవచ్చునని రాజ్యాంగపు మూడవ అధికరణము 'మే'తో ఇచ్చిన అధికారమువలననే 2014 జూన్ 2న తెలంగాణ అవతరించినది. హైదరాబాదు పది సంవత్సరములకు మించని కాలము రెండు రాష్ట్రములకును ఉమ్మడి రాజధానిగా ఉండవలెనని, ఆ తరువాత తెలంగాణకు రాజధాని కావలెనని ఆ చట్టపు ఐదవ విభాగము 'షల్'తో శాసించినది. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసినది. అదే చట్టపు పదమూడవ షెడ్యూలులో ఖమ్మము జిల్లా ఉక్కు కర్మాగారపు ప్రస్తావన కలదు. అచ్చటను 'షల్' ఉన్నది. కాని ఆ 'షల్' తరువాత ఉన్న క్రియ నిర్మించుట కాదు, సాధ్యాసాధ్యములను పరిశీలించుట. ఆరు నెలలలోపల పరిశీలింపవలెను అన్నారేగాని నిర్మింపవలెను అనలేదు. మోడల్ క్రియ తన పక్కనున్న క్రియనే కట్టిపడవేయును, ఆవలనున్నదానిని కాదు. ఉద్యోగపు ఉత్తరమున 'యువర్ శాలరీ షల్ బి రివ్యూడ్' అని ఉన్నచో జీతమును పునఃపరిశీలింతురని మాత్రమే మాట ఇచ్చిరి, పెంచుదురని కాదు. సంతకము చేయువారు ఈ తేడాను గమనించుట అవసరము.

ఇంతవరకు చెప్పినదానినుండి అభ్యాసమునకు ఒక సులభమార్గము ఏర్పడుచున్నది. ఇంగ్లీషు వాక్యమును కట్టుటకు ముందు తెలుగు వాక్యమును మనస్సున ముగియనీయవలెను. చివర గలను వచ్చినచో కెన్. అనుమతి కాని సంభావ్యత కాని తెలుపు వచ్చును ఐనచో మే. వలెను వచ్చినచో, విధించినవారు ఎవరని ఒక్కక్షణము విచారించి మస్ట్, హావ్ టు, షుడ్‌లలో ఒకటి. కూడదు వచ్చినచో మస్ట్ నాట్. అక్కరలేదు వచ్చినచో నీడ్ నాట్. అండి వచ్చినచో కుడ్ లేక వుడ్. ఈ ఆరు జతలను ఇంటిలోని పిల్లలచేత తెలుగునుండి ఇంగ్లీషునకును, ఇంగ్లీషునుండి తెలుగునకును చెప్పించినచో వ్యాకరణ సూత్రముల బెడద చాలవరకు తగ్గును.

రేడియో ఉన్న ఇంటిలో మరియొక సాధన వీలగును. ఇంగ్లీషు వార్తలు వచ్చునప్పుడు ఒక కాగితము పెట్టుకొని, విన్న మోడల్ క్రియలను మాత్రమే వ్రాసికొనుడు. తక్కిన మాటలు అర్థము కాకపోయినను ఫరవాలేదు. వార్తలు ముగిసిన పిదప ఒక్కొక్కదాని ఎదుట వచ్చును, వలెను, గలదు, కూడదు అను తెలుగు మాటలలో తగినదానిని వ్రాయుడు. ఆ తరువాత వచ్చు తెలుగు వార్తలలో అదే సంగతిని మరల వినుడు. ఇంగ్లీషులో 'మే' విన్నచోట తెలుగులో 'వచ్చును' వినబడినదో లేదో సరిచూచుకొనుడు.